కలిగినింటి బడిపంతులు



బతకలేక బడిపంతులు అని మనకో సామెత ఉంది. ఈ వృత్తిలో బతికినవాళ్లం ఆ మాట విని నవ్వీ నవ్వనట్టు ఊరుకుంటాం. మూడున్నర శతాబ్దాల కిందట ఫ్రాన్సులోనూ పంతులుగారి పరువు ఇంతే. వేరే పని దొరక్క, నలుగురు పిల్లల్ని పోగేసుకుని అక్షరాలు దిద్దించేవాడే పంతులు. అలాంటివాళ్లను తన ఇంటికి పిలిచి, తన బల్ల దగ్గరే భోజనం పెట్టి, ఆఖరికి ఆస్తీ హోదా వదులుకుని తానూ వాళ్లలో ఒకడైపోయిన పెద్దింటి బిడ్డ గురించి ఈ పూట నాలుగు మాటలు చెబుతాను. ఆయన పేరు జాన్ బాప్టిస్ట్ ద లసాల్. కతోలికులు ఆయన్ని పునీతుడిగా కొలుస్తారు. 1950లో పన్నెండవ భక్తినాథ పాపుగారు ఆయన్ని ఉపాధ్యాయులందరికీ పాలక పునీతుడిగా ప్రకటించారు.

మన ఆర్‌సీఎం బడుల్లో, కాన్వెంట్లలో స్థాపకుల ఆధ్యాత్మిక వారసత్వం అనే మాట తరచు వినబడుతుంది. వేదిక మీద చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. అసలది ఒక మనిషి బతుకులో ఎలా ఉంటుందో చూడాలంటే, నా మటుకు నాకు ద లసాల్ కథను మించినది కనబడలేదు.

రాన్స్ నగరంలో 1651 ఏప్రిల్ 30న పుట్టాడు. ఫ్రాన్సు రాజులకు పట్టాభిషేకాలు జరిగిన కతీడ్రల్ ఉన్న ఊరది. తండ్రి న్యాయాధికారి. పదిహేనేళ్లకే, 1667లో, ఆ కతీడ్రల్‌లో కెనన్ పదవి వచ్చింది. కెనన్ అంటే రోజూ వేళకు గుడిలో ప్రార్థనలు ఆలపించే పెద్దల మండలిలో సభ్యుడు. పని తక్కువ, మర్యాద ఎక్కువ, జీవితాంతం రాబడి. పారిస్‌లో సెయింట్ సుల్పీస్ గురువిద్యాలయంలో చదువుకుంటుండగా ఏడాది తిరక్కుండా తల్లీ తండ్రీ పోయారు. తమ్ముళ్ల, చెల్లెళ్ల భారం నెత్తినేసుకుని ఇంటికి తిరిగొచ్చాడు. అయినా చదువు ఆపలేదు. 1678లో గురుపట్టం, 1680లో దైవశాస్త్రంలో డాక్టరేటు. ఇక బిషప్ కావడమే తరువాయి అని చుట్టపక్కాలు అనుకునే ఉంటారు.

బడి సంగతి ఆయన తలపులోనే లేదు. 1679లో ఒక మఠం గుమ్మం దగ్గర అద్రియాన్ నియెల్ అనే పెద్దమనిషి తారసపడ్డాడు. పేదింటి మగపిల్లలకు ఉచితంగా బడి పెట్టాలని రువాన్ నుంచి వచ్చాడాయన. ఊరికి కొత్త. ద లసాల్‌కేమో ఊళ్లో పలుకుబడి ఉంది. బస ఇచ్చాడు, ఒక విచారణ గురువుతో మాట్లాడి బడి తెరిపించాడు, తన పని అయిపోయిందనుకున్నాడు. నియెల్‌గారికి బళ్లు తెరవడంలో ఉన్న హుషారు నడపడంలో లేదు. ఒకటి మొదలుపెట్టి ఇంకోదానికి పరుగెత్తేవాడు. పంతుళ్లకు అజమాయిషీ లేదు, పద్ధతి లేదు, వేళకు తిండి లేదు. చూస్తూ ఊరుకోలేక ద లసాల్ తన ఇంటి దగ్గర్లో వాళ్లకో ఇల్లు అద్దెకు తీశాడు. ఆ తర్వాత భోజనాలు మా ఇంట్లోనే చేయండన్నాడు. 1681 జూన్ 24న, తన పేరుకు మూలమైన పునీతుడు స్నాపక యోహాను పండుగనాడు, మకామే తన ఇంటికి మార్పించాడు. బంధువులు భగ్గుమన్నారు. పంతుళ్ల సావాసంలో పిల్లలు చెడిపోతారని తమ్ముళ్లను వేరే చోటికి తీసుకుపోయారు. మరుసటి ఏడు అదే పండుగనాడు ద లసాల్ హోదా ఉన్న ఆ ఇల్లు వదిలి, పంతుళ్లతో కలిసి పేదవాడలో అద్దె ఇంట్లో చేరాడు.

ఈ రోజులు తలుచుకుంటూ తర్వాత ఆయనే దాపరికం లేకుండా రాసుకున్నాడు. మొదట్లో ఈ పంతుళ్లు తన ఇంటి నౌకరు కన్నా తక్కువవాళ్లుగా కనబడేవారట. వాళ్లతో కలిసి బతకాల్సి వస్తుందని ముందే తెలిస్తే ఈ పని జోలికే వచ్చేవాడు కాదట. అందుకే దేవుడు అంతా ఒక్కసారి చెప్పకుండా, తనకు తెలియకుండానే ఒక్కో మెట్టూ దింపాడని ఆయన నమ్మకం. పునీతుల చరిత్రల్లో ఇలాంటి ఒప్పుకోలు అరుదు. పుట్టుకతోనే పేదలంటే ప్రాణం అని రాసేస్తే చరిత్రకారులకు సుఖం. ఈయన వాళ్లకా సుఖం మిగల్చలేదు.

అసలు మలుపు పంతుళ్ల నోటినుంచే వచ్చింది. రేపటి గురించి బెంగపడకండి, దేవుడే చూసుకుంటాడు అని ఆయన వాళ్లకు ధైర్యం చెబుతుండేవాడు. ఒకనాడు వాళ్లు ఎదురు తిరిగారు. మీకేమండీ, ఆస్తి ఉంది, పదవి ఉంది, బళ్లు మూతపడినా మీ భోజనానికి లోటు రాదు, రోడ్డున పడేది మేము కదా అన్నారు. మనవాళ్లయితే గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అనమంటారా అని అడిగి ఉండేవారు. ద లసాల్ దగ్గర జవాబు లేదు. కోపమూ తెచ్చుకోలేదు. పారిస్‌లో నికొలా బారె అనే సన్యాసి గురువును సలహా అడిగాడు. ఆస్తిని బళ్లకు శాశ్వత నిధిగా రాసిపెడితే పోతుందని ఈయన ఆలోచన. మనమైనా అదే అంటాం, ట్రస్టు పెట్టమంటాం. బారె వద్దన్నాడు. ఉన్నది బీదలకిచ్చి, నువ్వూ నీ పంతుళ్లలాగే వట్టి చేతులతో నిలబడు అన్నాడు.

లెక్కలు తెలిసిన ఏ మేనేజరూ మెచ్చే సలహా కాదిది. ద లసాల్ దాన్నే పాటించాడు. 1683లో కెనన్ పదవి వదులుకున్నాడు. కనీసం సొంత తమ్ముడికైనా ఇప్పించవచ్చు కదా అని ఒత్తిడి వచ్చింది. ఆయన ఒక పేద గురువుకు ఇప్పించాడు. ఆ తర్వాత కరువొచ్చింది. ఆస్తి రొట్టెలుగా మారి, గుమ్మం దగ్గర నిలబడ్డ బీదల చేతుల్లోకీ బడిపిల్లల చేతుల్లోకీ వెళ్లిపోయింది. కరువు తీరేసరికి ఆయన దగ్గర దాదాపు ఏమీ మిగల్లేదు.

కతోలిక బడికి స్థాపకుడి ఆధ్యాత్మిక వారసత్వం ఎక్కడుంది అని ఎవరైనా అడిగితే నేను ఈ ఘట్టాన్నే చూపిస్తాను. ఉపాధ్యాయులు తమ బతుకుతెరువు గురించి నిలదీశారు. యాజమాన్యం స్థానంలో ఉన్నవాడు వాళ్ల నోరు మూయించకుండా, తన భద్రత తాను తీసేసుకున్నాడు. ఆయన ప్రార్థన, ధ్యానం, తర్వాత రాసిన పుస్తకాలు అన్నీ ఈ ఒక్క పని తర్వాతే నమ్మదగ్గవయ్యాయి.

ఆ పంతుళ్లే క్రమంగా ఒక సభ అయ్యారు. క్రైస్తవ పాఠశాలల సోదరులు అని పేరు పెట్టుకున్నారు. నల్లటి ముతక అంగీ, తెల్ల గళపట్టీ, మొరటు జోళ్లు. వీధిలో పోతుంటే జనం ఎగతాళి చేసేవారు. వీళ్లలో ఎవరూ పూజ చేసే గురువులు కారు, కాకూడదని నియమం. మొదట్లో ద లసాల్‌కు ఆ ఉద్దేశం లేదు. తన తర్వాత బాధ్యత తీసుకుంటాడని ఆన్రీ లూరో అనే సోదరుణ్ణి గురుపట్టం కోసం చదివిస్తున్నాడు. 1690 ప్రాంతంలో ఆయన హఠాత్తుగా చనిపోయాడు. ఇది దేవుడు చెప్పిన మాటేనని ద లసాల్ తీర్మానించుకున్నాడు. పూజకూ పీఠానికీ లోబడని, పగలంతా తరగతిలోనే ఉండే మనుషులు కావాలి బడికి; బోధనే వాళ్లకు సన్యాసం. కతోలిక లోకంలో అప్పటికి ఇది కొత్త సంగతి.

1691 నాటికి పరిస్థితి చేజారిపోయేలా ఉంది. కొందరు చనిపోయారు, కొందరు విడిచిపోయారు. ఆ నవంబరు 21న ద లసాల్ ఇద్దరు సోదరులను దగ్గరికి పిలిచాడు. మిగిలేది మనం ముగ్గురమే అయినా, అడుక్కుని వట్టి రొట్టె తినాల్సి వచ్చినా ఈ పని విడవం అని ముగ్గురూ రహస్యంగా మాటపట్టు తీసుకున్నారు. ఆ ఇద్దరిలో నికొలా వ్యుయార్ కొన్నేళ్లకు మాట తప్పి వెళ్లిపోయాడు. రెండోవాడు గాబ్రియేల్ ద్రొలాన్. 1702లో ఆయన్ని రోముకు పంపారు. పాతికేళ్ల పైచిలుకు అక్కడే, తోటి సోదరుల తోడు లేకుండా, పిల్లలకు చదువు చెబుతూ ఉండిపోయాడు. ఆయనకు ద లసాల్ రాసిన ఉత్తరాలు నేటికీ ఉన్నాయి. వాటిలో ఆధ్యాత్మిక బోధతో పాటు డబ్బు సర్దుబాటు గురించీ, ఆలస్యమైన జవాబుల గురించీ ఉంటుంది. ఇద్దరిలో ఒకడు నిలవడం తక్కువేమీ కాదు.

ఇక వాళ్ల తరగతి గదిలోకి వెళదాం. పిల్లలందరినీ ఒకే పాఠం చుట్టూ కూర్చోబెట్టి చెప్పడం ద లసాల్ ఒక్కడే కనిపెట్టాడంటే అతిశయోక్తి. లియాన్‌లో షార్ల్ దెమియా లాంటివాళ్లు ఆయనకు ముందే ఆ దారిలో ఉన్నారు. దాన్ని వందల తరగతుల్లో నిలిచే పద్ధతిగా మలిచిన ఘనత మాత్రం ఈ సోదరులదే. అంతకు ముందు పంతులు ఒక్కొక్కణ్ణీ పిలిచి చదివించుకుంటుంటే తక్కినవాళ్లు అల్లరి చేస్తూ కూర్చునేవారు. మన వీధిబడి చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. సోదరులందరూ కూర్చుని తమ అనుభవాలు కలబోసుకోగా తయారైనదే పాఠశాలల నిర్వహణ అనే పుస్తకం. 1706 నాటి రాతప్రతి ఉంది, 1720లో అచ్చయింది. వింతేమిటంటే ఆ తరగతిలో పంతులు ఎక్కువ మాట్లాడడు. చేతిలో సిగ్నల్ అనే చిన్న పనిముట్టు ఉంటుంది, టక్కుమనిపిస్తే చదువుతున్న పిల్లవాడు ఆగుతాడు. గంటకూ అరగంటకూ పాఠం ఆపి, అందరూ దేవుని సన్నిధిలో ఉన్నామని ఒక్క క్షణం తలుచుకుంటారు. లెక్క సగంలో ఉన్నా సరే ఆపాల్సిందే.

పొద్దుటి ఫలహారం పిల్లలు బడిలోనే తినేవారు. పద్ధతిగా తినడం నేర్పడం కూడా పాఠమే. మధ్యలో ఒక బుట్ట పెట్టేవారు. రొట్టె మిగిలినవాళ్లు అందులో వేస్తే, ఏమీ తెచ్చుకోని పిల్లలకు పంతులు పంచేవాడు. ఎవరికి ఇవ్వాలో గమనించి ఉంచుకోవడం పంతులు పని. బడికి రానివాళ్ల ఇళ్లకు వెళ్లి కబురు తేవడానికి పిల్లల్లోనే కొందరిని నియమించేవారు. ఎందుకు రావడంలేదన్న దాని మీద ఆ పుస్తకంలో ఒక అధ్యాయమే ఉంది. తల్లిదండ్రులు పనికి పంపడం ఒక కారణం. పంతులంటే పిల్లవాడికి ఇష్టం లేకపోవడం ఇంకో కారణమని, తప్పు పంతుళ్ల మీద వేసుకుని రాశారు.

శిక్షల గురించి కూడా దాచకుండా చెప్పాలి. ఆ బళ్లలో బెత్తం దెబ్బ లేకపోలేదు. అది పదిహేడో, పద్దెనిమిదో శతాబ్దాల కాలం. అయితే ఎప్పుడు కొట్టకూడదో, కోపంలో ఎందుకు చేయెత్తకూడదో, కొట్టకుండా ఏం చేయవచ్చో పేజీలకు పేజీలు రాశారు. ఆ కాలానికి అది పెద్ద మాటే. ఆ పుస్తకం ఇప్పుడు బెత్తాన్ని వెనకేసుకు రావడానికి పనికిరాదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది భాష సంగతి. అప్పట్లో చదవడం అంటే లాటిన్‌తో మొదలు. ద లసాల్ పిల్లలకు ముందు ఫ్రెంచి చదివించాడు. షార్త్ర్ బిషప్‌గారు దీన్ని ఒప్పుకోకపోతే కారణాలు వివరిస్తూ కాగితం రాసిచ్చాడు. ఇంట్లో మాట్లాడే భాష చదవడం తేలిక. పేదింటి పిల్లవాడు ఎన్నాళ్లో బడిలో ఉండడు. లాటిన్ అంతంతమాత్రంగా పట్టుబడేలోపు పనిలోకి పోతాడు, అప్పుడు వాడికి లాటినూ రాదు, ఫ్రెంచీ రాదు. ఈ వాదం చదివినప్పుడల్లా మన ఊళ్లు గుర్తొస్తాయి. పల్లెల్లోని ఆర్‌సీఎం ఎలిమెంటరీ బళ్లు తరాల తరబడి తెలుగులోనే అక్షరాలు దిద్దించాయి. పట్నంలో మాత్రం కాన్వెంటు అంటే ఇంగ్లీషు మీడియం అన్నది స్థిరపడిపోయింది. ఇంగ్లీషు వద్దని నేననను, అమ్మానాన్నల ఆశ నాకు తెలుసు. ఏ భాషా గట్టిగా రాకుండా పదో తరగతి దాటుతున్న పిల్లల్ని చూస్తే, బిషప్‌గారికి రాసిన ఆ కాగితం మన మేనేజ్‌మెంట్లు ఒకసారి చదివితే బాగుండుననిపిస్తుంది.

డబ్బు దగ్గరకొద్దాం. పేదలకు ఉచిత బడి నడపడాన్ని ఎవరూ కాదనలేదు. గొడవంతా ఆయన గుమ్మం దగ్గర నిలబడి నువ్వు పేదవాడివా, కట్టగలవాడివా అని పిల్లల్ని విడదీయనన్నందుకు వచ్చింది. ఫీజు తీసుకుని దస్తూరి నేర్పే రాతగురువుల సంఘం ఒకటుండేది పారిస్‌లో. మా పిల్లలు వీళ్ల దగ్గరికి పోతున్నారని కోర్టుకెక్కారు. 1704లో బడిలోని సామాను జప్తు చేయించారు. నిజం చెప్పాలంటే రాతగురువుల బాధలోనూ అన్యాయం లేదు, వాళ్ల పొట్టకూడు అది. రువాన్ పక్కన సాన్ యోన్‌లో 1705లో మొదలైన పెద్ద బడిలో ద లసాల్ కట్టగలిగినవాళ్ల పిల్లలను ఫీజు తీసుకుని హాస్టల్లో ఉంచుకుని చదివించాడు. కాబట్టి కతోలిక బడి ఫీజు తీసుకోవడమే స్థాపకులకు ద్రోహం అనడానికి ఆయన చరిత్ర ఒప్పుకోదు. ఆ ఫీజు పక్కనే ఉచిత బడి నడిచిందా లేదా అన్నదే ఆయన్ని అడగాల్సిన ప్రశ్న. నడిచింది.

ముసలితనంలో ఆయనకు చాలా అవమానాలు జరిగాయి. 1712లో ఒక దావాలో పారిస్ కోర్టు ఆయనకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఆ ఏడే ఆయన ఫ్రాన్సు దక్షిణానికి వెళ్లిపోయాడు. తన వల్లే సభకు చెరుపు జరుగుతోందేమోనని కుంగిపోయాడు. గ్రెనోబుల్‌లో ఒక సోదరుడు ఊళ్లో లేనప్పుడు ఆయన బదులు తరగతిలో నిలబడి చిన్నపిల్లలకు పాఠం చెప్పాడు. డాక్టరేటు ఉన్న ఆయన ఓనమాలు దిద్దించాడు. 1714 ఏప్రిల్ 1న పారిస్ సోదరుల నుంచి ఉత్తరం వచ్చింది. మీరు విధేయత చూపుతానని మాటపట్టు తీసుకున్నారు గనుక వెంటనే వచ్చి బాధ్యత తీసుకోవాలని ఆజ్ఞాపిస్తున్నాం అని దాని సారం. స్థాపకుడికి శిష్యులు పంపిన తాఖీదు! ఆయన వచ్చాడు. ఆగస్టు 10న పారిస్ చేరి, ఇదిగో వచ్చాను, ఏం చేయమంటారు అని అడిగాడట. 1717లో బార్తెలెమీ అనే సోదరుణ్ణి పెద్దగా ఎన్నుకున్నాక తాను సామాన్యుడిగా ఒదిగిపోయాడు. 1719 ఏప్రిల్ 7న, గుడ్ ఫ్రైడే నాడు, సాన్ యోన్‌లో కన్నుమూశాడు. అప్పటికి సోదరులు సుమారు 100 మంది. నేడు ఆ సభ బళ్లు దాదాపు 80 దేశాల్లో ఉన్నాయి.

తెలుగునాట మనకు ఎక్కువగా తెలిసిన బ్రదర్స్ వేరు. హైదరాబాద్ అబిడ్స్‌లోని లిటిల్ ఫ్లవర్, కాజీపేటలోని సెయింట్ గాబ్రియేల్ బళ్లు మోన్‌ఫోర్ట్ బ్రదర్స్‌వి. వాళ్లు తమ మూలపురుషుడిగా చెప్పుకునే లూయీ మరీ ద మోన్‌ఫోర్ట్ కూడా ఫ్రెంచివాడే. ద లసాల్ కన్నా 22 ఏళ్లు చిన్న, ఆయన చదివిన సెయింట్ సుల్పీస్‌లోనే చదివాడు. సభలు వేరైనా నేల ఒక్కటే. మన పల్లెల్లో ఇంకొకరూ ఉండేవారు. పగలు పూరిపాకలో పలకలు దిద్దించి, సాయంత్రం అక్కడే జపాలూ జ్ఞానోపదేశమూ నేర్పిన ఉపదేశి పంతులు. ఆయనకు విగ్రహం లేదు, ఆయన జీతం ఎంతో ఎవరూ చెప్పుకోలేదు. దళితవాడల్లో మొదటి తరం చదువరులు చాలామంది ఆయన చేతుల మీదుగా వచ్చినవాళ్లే. ద లసాల్ ఊహించిన బడిపంతులికి దగ్గరగా ఎవరున్నారంటే నేను ఆయన పేరే చెబుతాను.

జూన్ వస్తే మీరు అడ్మిషన్ల కోసం బడుల చుట్టూ తిరుగుతారు. రిజల్ట్స్ ఎంత, బస్సు ఉందా అని ఎలాగూ అడుగుతారు. వాటితో పాటు ఇంకో రెండు సంగతులు అడగండి. నిరుడు ఫీజు కట్టలేక మానేసిన పిల్లల ఇళ్లకు ఇక్కణ్ణుంచి ఎవరైనా వెళ్లారా? మా పిల్లలకు పాఠం చెప్పబోయే టీచరుకు మీరు నెలకు ఎంతిస్తున్నారు? కతోలిక బడి అయినా, ఇంకే బడి అయినా, మొహమాటపడకుండా అడగండి.